‘పళ్ళొస్తున్నాయిలే’ అని ఊరుకోకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మా పాపకి ఇప్పుడు పదకొండు నెలలు. నాలుగు నెలల కిందట మా ఇంట్లో జరిగింది మీ పేపర్ చదివే తల్లిదండ్రులకి చెప్పాలని రాస్తున్నాను. ఉత్తరం కొంచెం పొడుగైంది, అయినా వేస్తారని ఆశ.

ఏడో నెలలో పాపకి చొంగ విపరీతంగా కారడం మొదలైంది, రోజుకి ఆరేడు జుబ్బాలు మార్చేవాళ్ళం. చేతికి ఏది దొరికితే అది నోట్లోకే, నా ఫోను కవరు, వాళ్ళమ్మ భుజం, దుప్పటి అంచు. కింది చిగురు మీద వేలు పెడితే గట్టిగా గింజలా తగిలింది. బోర్లా పడినప్పుడు బొబ్బట్లు పంచిన ఇల్లు మాది, పన్ను అనగానే మా అమ్మ వీధంతా చెప్పొచ్చింది. సరిగ్గా అదే వారంలో పాపకి విరేచనాలు పట్టుకున్నాయి. “పళ్ళొస్తున్నాయిగా, మామూలే, నీకూ ఇలాగే అయ్యేవి” అంది అమ్మ. ఫోన్లో మా అత్తగారిదీ అదే మాట, పక్కింటి పెద్దావిడదీ అదే. మందుల షాపుకి వెళ్తే అక్కడా అదే చెప్పి, చిగుళ్ళకి రాయమని ఒక జెల్, తాగించమని ఒక తియ్యటి టెట్రా ప్యాక్ చేతిలో పెట్టారు. ఇంతమంది ఒకే మాట చెప్తుంటే నమ్మకుండా ఎలా ఉంటాం, పైగా పన్ను కళ్ళ ముందు కనిపిస్తూనే ఉంది.

మూడో రోజు సాయంత్రానికి పాప ఆడటం మానేసింది. ఏడుస్తోంది కానీ కన్నీళ్ళు రావట్లేదు. ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న, “ఆఖరిసారి మూత్రం ఎప్పుడు పోసింది?” నేనూ నా భార్యా మొహాలు చూసుకున్నాం. మధ్యాహ్నం నుంచీ పోయలేదని అప్పుడు తెలిసింది. రెండు రోజులు సెలైన్ పెట్టి ఉంచారు. పన్ను రావడం నిజమే, విరేచనాలూ నిజమే, కానీ దాని వల్ల ఇది రాలేదు అని ఆవిడ చెప్పినప్పుడు నాకు నోట మాట రాలేదు.

మరి రెండూ ఒకేసారి ఎందుకొస్తాయి? నాకు అర్థమైనంత వరకు ఇదీ సంగతి. తల్లి కడుపులో ఉన్నప్పుడు బిడ్డకి వచ్చిన రక్షణ ఆరో నెలకల్లా తగ్గిపోతుంది. అదే సమయానికి అన్నప్రాసన చేసి పైతిండి మొదలుపెడతాం, కొత్త గిన్నెలు, కొత్త నీళ్ళు, నాలుగు చేతులు. అదే సమయానికి బిడ్డ పాకుతూ నేల మీద దొరికినవన్నీ నోట్లో పెట్టుకుంటుంది, చిగుళ్ళ దురదకి ఇంకా ఎక్కువ పెట్టుకుంటుంది. పళ్ళూ అదే సమయానికి వస్తాయి. క్రిములు చేసిన పని పన్ను నెత్తిన పడుతోందన్నమాట. 2000 సంవత్సరంలో అమెరికాలో అచ్చయిన ఒక పరిశోధనలో 125 మంది పసిపిల్లలకి 475 పళ్ళు వచ్చేదాకా తల్లిదండ్రుల చేత రోజూ లక్షణాలు రాయించారు. పన్ను బయటికొచ్చే ముందు నాలుగు రోజులు, వచ్చాక మూడు రోజులు చొంగ, కొరకడం, చిరాకు, చెవి రుద్దుకోవడం, అన్నం సరిగా తినకపోవడం, ఒళ్ళు కాస్త వెచ్చబడటం కనిపించాయి. పెద్ద జ్వరానికీ, వాంతులకీ, విరేచనాలకీ, దగ్గుకీ పళ్ళతో సంబంధం దొరకలేదు. ఒళ్ళు 100.4 డిగ్రీల ఫారిన్‌హీట్‌కి చేరితే అది జ్వరమే, దానికి కారణం వేరే వెతకాలి.

ఈ పొరపాటు మన అమ్మమ్మలు నాయనమ్మలు ఒక్కళ్ళే చేసింది కాదు, వాళ్ళని తిట్టడానికి నేనిది రాయట్లేదు. ఇంగ్లండులో 19వ శతాబ్దంలో పసిబిడ్డలు చనిపోతే రికార్డుల్లో కారణం ‘పళ్ళు రావడం’ అని రాసేవారు. పళ్ళ నొప్పికని పాదరసం కలిసిన పొడులు నాకించేవారు, వాటివల్ల జబ్బుపడ్డ పిల్లలు 1950ల దాకా ఉన్నారు.

ఇప్పుడు జెల్ సంగతి. నాకిచ్చింది నోటిపూతకి పెద్దవాళ్ళు రాసుకునే జెల్ అని ఇంటికొచ్చి లేబుల్ చదివాక తెలిసింది. అందులో ఉన్న కోలీన్ సాలిసిలేట్ ఆస్పిరిన్ కుటుంబానికి చెందిన మందు, బ్రిటన్‌లో 2009లోనే పదహారేళ్ళ లోపు వాళ్ళకి నోట్లో రాయొద్దన్నారు. తిమ్మిరెక్కించే బెంజోకెయిన్ జెల్ రెండేళ్ళ లోపు పిల్లలకి వాడితే రక్తంలో ఆక్సిజన్ పడిపోవచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో గట్టిగా హెచ్చరించింది, అలాగే తిమ్మిరెక్కించే లిగ్నోకెయిన్ గురించి 2014లోనే చెప్పింది. అయినా చొంగకి అది ఎంతసేపు నిలుస్తుంది, నిమిషాల్లో మింగేస్తారు. వెలిగారం పొంగించి తేనెలో రంగరించి రాయడం కూడా కొన్ని ఇళ్ళలో ఉంది, దయచేసి మానేయండి. వెలిగారం విషం, తేనె ఏడాది నిండేదాకా నాలుకకి తాకించకూడదు. పళ్ళు సులువుగా వస్తాయని ఆన్‌లైన్‌లో అమ్మే పూసల దండలు మెడకి బిగుసుకోవచ్చు, తెగితే పూస గొంతులోకి పోతుంది.

పారాసిటమాల్ గురించి ఒక్క మాట. నొప్పి బాగా ఉంటే డాక్టర్ బరువు చూసి చెప్పిన మోతాదులో ఇవ్వచ్చు, కానీ డ్రాప్స్ వేరు, సిరప్ వేరు. సాధారణంగా డ్రాప్స్‌లో ఒక ఎంఎల్‌కి 100 మిల్లీగ్రాములు ఉంటే, 125 అని రాసి ఉన్న సిరప్‌లో ఐదు ఎంఎల్‌కి 125, అంటే ఒక ఎంఎల్‌కి పాతికే. సిరప్ కొలత డ్రాప్స్‌కి వాడితే నాలుగు రెట్లు పడుతుంది.

మరి పాపకి ఏం చేశాం అంటే, చాలా మామూలు పనులే. సబ్బుతో చేతులు కడుక్కుని వేలితో చిగురు మెల్లగా రుద్దితే అప్పటికప్పుడు ఏడుపు ఆపేది. శుభ్రమైన నూలుగుడ్డ తడిపి ఫ్రిజ్‌లో కాసేపు పెట్టి నమలనిచ్చాం. ఫ్రీజర్‌లో వద్దు, గడ్డకట్టింది చిగుళ్ళని కోసేస్తుంది. టీథర్ (పిల్లలు కొరకడానికిచ్చే బొమ్మ) కొనేటప్పుడు లోపల నీళ్ళు లేనిది, ఒకే ముక్కగా ఉన్నది తీసుకుని రోజూ కడిగాం. చల్లటి పెరుగన్నం మెత్తగా మెదిపి పెడితే ఇష్టంగా తినేది. పచ్చి క్యారెట్ ముక్క, రస్కు ముక్క చేతికిచ్చి వదిలేయొద్దు, గొంతుకి అడ్డం పడతాయి. చొంగకి గడ్డం కింద ఎర్రగా అయితే మెత్తటి గుడ్డతో అద్ది కొబ్బరినూనె రాశాం. పాలు తాగుతూ కొరికితే లాగేయకుండా నోటి మూలలో చిటికెన వేలు పెట్టి విడిపించమని నర్సమ్మ నా భార్యకి చెప్పారు, అది చాలా పనికొచ్చింది. రాత్రిళ్ళు మాత్రం ఎత్తుకుని తిరగడమే. పన్ను వచ్చాక మెత్తటి బ్రష్, బియ్యపు గింజంత ఫ్లోరైడ్ పేస్టు.

కొందరికి నాలుగో నెలలో వస్తాయి, కొందరికి ఏడాదికి. పై పళ్ళు ముందొచ్చాయని మేనమామకి కీడేమో అని భయపడే వాళ్ళని చూశాను, కొందరు పిల్లలకి అలా వస్తాయి, అంతకంటే ఏమీ లేదు.

విరేచనాలు మొదలైతే మొదటి రోజు నుంచే ఓఆర్ఎస్ కలిపి చెంచాతో పట్టించండి, ప్యాకెట్ మీద ఎన్ని నీళ్ళని రాసి ఉంటే అన్ని నీళ్ళలో. తల్లిపాలు ఆపొద్దు. ఆరు నెలలు దాటిన బిడ్డకి జింకు రోజుకి 20 మిల్లీగ్రాములు 14 రోజులు. నాకిచ్చిన టెట్రా ప్యాక్‌లాంటి తియ్యటి డ్రింకులు ఓఆర్ఎస్ కాదు. వాటి మీద ఆ పేరు వాడొద్దని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2025 అక్టోబరులో ఆదేశించింది, దానికోసం ఏళ్ళ తరబడి పోరాడింది మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారే. బిడ్డ మూత్రం పోయకపోయినా, కళ్ళు లోతుకి పోయినా, మలంలో రక్తం కనిపించినా, పాలు తాగకుండా మగతగా ఉన్నా ఇంట్లో ఆగొద్దు.

చివరిగా రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలకి మీ పేపర్ ద్వారా ఒక విన్నపం. ప్రభుత్వ టీకాల పట్టికలో పద్నాలుగు వారాల టీకా తర్వాత మళ్ళీ తొమ్మిదో నెల దాకా మామూలుగా ఇచ్చే టీకా లేదు. పళ్ళు, పైతిండి, పాకడం అన్నీ ఆ మధ్యలోనే వస్తున్నాయి. ఆ పద్నాలుగు వారాల టీకా రోజున తల్లికి, తండ్రికి, వెంట వచ్చిన అమ్మమ్మకో నాయనమ్మకో రెండు నిమిషాలు ఈ సంగతి చెప్పి, రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు, జింకు మాత్రలు చేతిలో పెట్టి పంపండి. ఆరో నెలలో ఇంటికొచ్చే ఆశా కార్యకర్తలు ఆ ప్యాకెట్లు ఇంకా ఉన్నాయో లేదో చూసి, కలపడం ఎలాగో ఒకసారి చేసి చూపించాలి.

ఇట్లు,
ఒక పాప తండ్రి,
సూర్యాపేట