గేట్ల పని ఎందుకు ఆలస్యమైంది, సింహపు తోక కోతుల ఇల్లు ఎలా తయారైంది

కస్టమర్లందరికీ నమస్కారం.

ఈ ఏడాది మా కాటేదాన్ వర్క్‌షాప్‌లో గేటుకో, బాల్కనీ గ్రిల్లుకో, మెట్ల రెయిలింగుకో ఆర్డర్ ఇచ్చిన చాలామందికి చెప్పిన టైముకి పని అందలేదు. ఫోన్ చేసిన ప్రతిసారీ "జూ పని నడుస్తోంది" అనే మాటే విన్నారు. ఆ పని పూర్తయింది. కోతులు వచ్చేశాయి, జనానికి కూడా తెరిచారు. ఇన్నాళ్లూ ఓపిక పట్టిన మీకు, అక్కడ ఏం చేశామో, అంత టైం ఎందుకు పట్టిందో, ఇకముందు మీ ఆర్డర్లు ఎలా నడుస్తాయో వివరంగా చెప్పాలి.

మన దక్కన్ ఎండలే ఉన్న ఒక జూలో సింహపు తోక కోతుల కోసం కొత్త ఎన్‌క్లోజర్ కట్టారు. గోడలు, కాంక్రీటు వేరే కాంట్రాక్టరు చూసుకున్నారు. జాలీ, ఫ్రేములు, తలుపులు, రాత్రి గదుల ఇనుప పని అంతా మాది. సప్లయర్లు జూ పేరును తమ ప్రచారానికి వాడకూడదని అగ్రిమెంటులో ఉంది కాబట్టి ఇక్కడ పేరు రాయడం లేదు.

ఈ కోతిని చూడనివాళ్లకు కొంచెం చెబుతాను. నల్లటి ఒళ్లు, ముఖం చుట్టూ బూడిద రంగు జూలు, తోక చివర చిన్న కుచ్చు. కర్ణాటక, కేరళ, తమిళనాడుల్లోని పశ్చిమ కనుమల అడవులు తప్ప దీనికి ప్రపంచంలో ఇంకో సొంత చోటు లేదు. అడవిలో మిగిలిన పెద్ద కోతులు రెండున్నర వేల లోపేనని అంచనా. కేరళలోని సైలెంట్ వ్యాలీలో డ్యాం కట్టబోతే జనం అడ్డుకున్నారు కదా, ఆ ఉద్యమానికి గుర్తుగా నిలిచింది ఈ కోతే. డ్యాం ఆగిపోయింది, 1984లో ఆ అడవిని నేషనల్ పార్కుగా ప్రకటించారు. మన గుళ్ల దగ్గర, అపార్ట్‌మెంట్ల మీద తిరిగే కోతులకూ దీనికీ పెద్ద తేడా ఉంది. ఇది రోజులో ఎక్కువ సేపు చెట్ల పైకొమ్మల్లోనే ఉంటుంది, నేల మీదికి దిగేది తక్కువ. మాకొచ్చిన డ్రాయింగులు మారడానికి కారణం కూడా ఇదే. నేల వైశాల్యం ఎంత బాగున్నా ఎత్తు లేకపోతే ఈ జంతువుకు ఉపయోగం లేదని జూ బయాలజిస్టు మేడమ్ మొదటి డ్రాయింగును తిప్పి పంపారు. స్తంభాల ఎత్తు పెరిగింది. ఎత్తు పెరిగితే గాలి ఒత్తిడి లెక్క మారుతుంది, పైపు మందం మారుతుంది, మొత్తం ఎస్టిమేటు మారుతుంది.

పైగా ఇది ఓనరు ఓకే అనగానే మొదలుపెట్టే పని కాదు. దేశంలో జూలన్నీ 1992లో ఏర్పడిన సెంట్రల్ జూ అథారిటీ కిందికి వస్తాయి. కొత్త ఎన్‌క్లోజర్ డిజైన్‌కు వాళ్ల ఆమోదం కావాలి. ఆ ఆమోదం వచ్చేదాకా ఒక్క పైపు కూడా కోయలేదు. వచ్చాక మాత్రం వర్క్‌షాప్‌లో సగం చోటు ఆ ఫ్రేములే ఆక్రమించాయి. మీ గేట్లు వెనక్కి పడింది అప్పుడే.

"మూడు వైపులా కందకం తవ్వి నీళ్లు పెడితే సరిపోదా, ఇంత జాలీ ఎందుకు?" అని మా పాత కస్టమర్ ఒకాయన అడిగారు. మంచి ప్రశ్నే. కటకటాలు తీసేసి కందకాలతో జంతువులను చూపించే పద్ధతిని జర్మనీలోని హాంబర్గ్‌లో హాగెన్‌బెక్ 1907లో తెరిచిన జూ బాగా ప్రచారంలోకి తెచ్చింది. చింపాంజీలకు, గిబ్బన్లకు ఈత రాదు కాబట్టి వాటికి నీళ్లు అడ్డుగా పనిచేస్తాయి. మా కోతి మకాక్ అనే వర్గంలోది, ఆ వర్గం కోతుల్లో చాలావాటికి ఈత వచ్చు. ఎగిరి దూకడం గురించి చెప్పక్కర్లేదు. అందుకే పైకప్పుతో సహా అంతా జాలీ. జనం నిలబడే వైపు మాత్రం రెండు గాజు పలకలను మధ్యలో ఫిల్మ్ పెట్టి అతికించిన దళసరి అద్దం. ఆ అద్దం చూడ్డానికి బాగుంటుందని పెట్టింది కాదు. మన దగ్గు, జలుబు, టీబీ కోతులకు అంటుకుంటాయి. వాటి జబ్బులు మనకూ రావచ్చు. అద్దం ఇద్దరినీ కాపాడుతుంది.

ఇక మా పని. ఇళ్లకు చేసే గ్రిల్లులో ఫినిషింగ్ అంతా వీధి వైపు చూసుకుంటాం. వెనకవైపు వెల్డింగ్ ముద్ద కొంచెం గరుకుగా ఉన్నా ఎవరూ పట్టించుకోరు. ఇక్కడ కొలతల నుంచి ఫినిషింగ్ దాకా అన్నీ లోపలి వైపు నుంచే చూడాలి, ఎందుకంటే లోపల ఒకరు కాపురం ఉంటారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ జాలీని చేతులతో, కాళ్లతో పట్టుకుని తిరుగుతారు, నాకుతారు, పళ్లతో కొరుకుతారు. రాత్రి గదులకు పని మొదలైన తొలివారమే యానిమల్ కీపర్ అన్న వచ్చి, ఒక ఫ్రేము మూలలో చిటికెన వేలు పెట్టి చూపించాడు. రెండు పైపులు కలిసే చోట సన్నటి సందు. "మేడమ్, పిల్ల కోతి వేలు ఇక్కడ ఇరుక్కుంటే తల్లి పట్టి లాగుతుంది" అని నాతో అన్నాడు. ఆ రోజు నుంచి మా కుర్రాళ్లు ప్రతి మూలనూ వేలితో తడిమి చూశాకే తర్వాతి పనికి వెళ్లారు.

గాల్వనైజింగ్ గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, మీ గేట్లకూ పనికొస్తుంది. ముందే జింకు పూత ఉన్న పైపును తెచ్చి వెల్డింగ్ చేస్తే, వెల్డింగ్ పడిన చోట జింకు కాలిపోతుంది. ఆ పొగ పీలిస్తే వెల్డర్‌కి రాత్రికి జ్వరం వస్తుంది, ఈ లైన్లో ఉన్నవాళ్లందరికీ తెలిసిన సంగతే. కాలిన చోట పైన సిల్వర్ పెయింట్ కొట్టి పంపడం మార్కెట్లో మామూలు. కోతుల మూత్రానికి, రోజూ కడిగే నీళ్లకు ముందు తుప్పు పట్టేది అక్కడే. ఊడిన పెయింటు పెచ్చులు నోట్లోకి పోతాయి. అందుకే మామూలు ఇనుముతో ఫ్రేము మొత్తం వెల్డింగ్ చేసి, గ్రైండింగ్ చేసి, ఆ తర్వాత కరిగిన జింకులో ముంచాం. ఆ తొట్టి దాదాపు 450 డిగ్రీల వేడి మీద ఉంటుంది. మూసేసిన పైపు లోపల గాలి ఉంటే ఆ వేడికి పేలుతుంది కాబట్టి ప్రతి పైపుకూ ముందే రంధ్రాలు వేయాలి. తొట్టిలోంచి పైకి తీసేటప్పుడు అంచుల నుంచి జింకు కారి సన్నటి ముళ్లలా గడ్డకడుతుంది. ఆ ముల్లు గీసుకుంటే గాయం, విరిగి కడుపులోకి పోతే విషం. ప్రతి ఫ్రేమునూ మళ్లీ దించి, ఆ ముళ్లను ఒక్కొక్కటిగా తీసేసి, చేత్తో రుద్ది చూశాం. కూలీ ఖర్చు అన్నిటికంటే ఎక్కువైంది ఇక్కడే. అనవసరపు ఖర్చు అని నాకు ఒక్కసారి కూడా అనిపించలేదు.

నట్లు, బోల్టుల విషయం వేరు. బోల్టు నున్నటి తల లోపలికి, నట్టు బయటికి ఉండాలి. బయట కూడా నట్టు బిగించాక మర కొనను సుత్తితో కొట్టి అణిచేశాం. ఇదంతా అవసరమా అని మా కుర్రాళ్లు మొదట గొణిగారు. కోతులు వచ్చిన తర్వాత ఒకరోజు, ఒక పిల్ల కోతి జాలీ పట్టుకుని కూర్చుని, ఒక బోల్టు తలను బొటనవేలు, చూపుడువేలుతో పట్టుకుని తిప్పుతూనే ఉంది. కాసేపు తిప్పడం, వంగి వాసన చూడటం, మళ్లీ తిప్పడం. ఆ వీడియో చూశాక ఎవరూ మళ్లీ ఆ ప్రశ్న అడగలేదు.

తలుపుల్లో పెద్ద టెన్షన్ పెట్టింది రాత్రి గదుల మధ్య జరిగే స్లైడింగ్ డోర్. కీపర్ లోపలికి వెళ్లకుండా బయట నుంచే లివర్ లాగి తియ్యాలి, వెయ్యాలి. పైనుంచి కిందికి పడే తలుపైతే తోక మీదో చేతి మీదో పడొచ్చు కాబట్టి అది వద్దనుకున్నాం. పక్కకు జరిగే తలుపుకు పట్టా కింద పెడితే గడ్డి, తిండి ముక్కలు ఇరుక్కుని సగంలో ఆగిపోతుంది. అందుకే పట్టా పైన. చెయ్యి వదిలితే తలుపు అక్కడికక్కడే ఆగాలి. లివర్ లాగే మనిషికి తలుపు అంచు కనబడుతూ ఉండాలి. ఒక్కో గదికి రెండు దారులు పెట్టాం. కోతుల గుంపులో పెద్దరికం గట్టిగా నడుస్తుంది. ఒకే దారి ఉంటే బలమైనది అక్కడే కూర్చుని బలహీనమైనదాన్ని మూలకు నెట్టేస్తుంది, తిండికి కూడా రానివ్వదు.

బయటి జాలీకి నల్ల రంగు వచ్చే ఫినిష్ వేశాం. మెరిసే తెల్ల జాలీ మీద చూపు ఆగిపోతుంది, నల్లదైతే చూపు దాన్ని దాటి వెనకున్న జంతువు మీదికి వెళుతుంది. ఇది మీ బాల్కనీ నెట్‌కూ వర్తిస్తుంది.

కోతులు ఇంకో జూ నుంచి వచ్చి, ముందు క్వారంటైన్‌లో ఉండి, తర్వాత రాత్రి గదుల్లోకి మారాయి. బయటికి వదిలిన రోజు మమ్మల్ని కూడా రానిచ్చారు. తలుపు తీశాక చాలాసేపు ఒక్కటీ బయటికి రాలేదు. తర్వాత ఒక పెద్ద ఆడకోతి గడప దాకా వచ్చి, జాలీని ముట్టుకుని, చెయ్యి వాసన చూసుకుని లోపలికి వెళ్లిపోయింది. మళ్లీ వచ్చింది. ఈసారి ఎక్కడం మొదలుపెట్టి, కప్పు కింద మేం పెట్టిన పలక దాకా ఆగకుండా వెళ్లి కూర్చుంది. అందరూ కోతిని చూస్తుంటే మా పెద్ద మేస్త్రి మాత్రం అది చెయ్యి వేసిన ఒక్కో జాయింటునూ చూస్తూ నిలబడ్డాడు. ముప్పై ఏళ్లుగా ఇనుము పని చేస్తున్న మనిషి. ఆ రోజు ఆయన్ని చూసి నాకు చాలా గర్వంగా అనిపించింది.

జనానికి తెరిచాక ఎక్కువగా వినబడిన మాట "కోతులేవి?" అన్నది. కావాలనే అలా కట్టారు. అడ్డంగా చెక్క పలకలు, ఆకుల గుబురు, ఎత్తులో నీడ ఉన్న మూలలు ఉన్నాయి. చూపులు వద్దనుకున్న జంతువుకు పక్కకు తప్పుకునే చోటు ఉండాలి. మీరు పిల్లలతో ఏ జూకి వెళ్లినా, మన నెహ్రూ జూ పార్కుకి వెళ్లినా సరే, ఒక్క పది నిమిషాలు ఒకేచోట నిలబడి చూడండి. అద్దం తట్టకండి. అరిటిపండు, చిప్స్ విసరకండి. జూలో జంతువులకు తిండి వేయడం, చప్పుడు చేసి బెదరగొట్టడం వన్యప్రాణి చట్టం కింద నేరం. అరిటిపండు వేస్తే తప్పేంటని చాలామంది అనుకుంటారు. మనం తినే పళ్లలో చక్కెర అడవి పళ్లకంటే చాలా ఎక్కువ. ఇంగ్లండ్‌లోని పెయిన్‌టన్ జూ ఈ కారణంతోనే 2014 నాటికి తన కోతులకు అరిటిపళ్లు ఆపేసింది. ఇక్కడ తిండి కోసం మేం చిల్లుల పైపులు చేసి ఇచ్చాం. లోపలి గింజను వేలితో తడిమి, తిప్పి తీసుకోవాలి. చిల్లు ఎంత ఉండాలో కూడా బయాలజిస్టు మేడమే చెప్పారు. వేలు సులభంగా వెళ్లి రావాలి, పిల్ల తల మాత్రం పట్టకూడదు.

డబ్బు సంగతి కూడా దాచను. ఈ పనిలో మిగిలింది గేట్ల పనిలో మిగిలేదానికంటే తక్కువ. బిల్లులో కొంత రిటెన్షన్ కింద ఆగి ఉంది, గడువు తీరాక వస్తుంది. మీరిచ్చిన అడ్వాన్సుల్లో ఒక్క రూపాయి కూడా ఆ పనిలో పెట్టలేదు. దానికి బ్యాంకు అప్పు తీసుకున్నాం. అయినా ఇలాంటి పని మళ్లీ వస్తే చేస్తాను. మా నాన్నగారి కాలం నుంచి ఈ షాపులో లోపలికి ఎవరూ రాకుండా ఆపే ఇనుమే చేశాం. లోపల ఉన్నవాళ్లు హాయిగా బతకడానికి చేసింది ఇదే మొదటిసారి. దీని వల్ల మా వాళ్ల చెయ్యి ఎంత మెరుగుపడిందో నాకు రోజూ కనబడుతోంది.

మీకు సంబంధించిన మార్పులు ఇవి. వెల్డింగ్ తర్వాతే ముంచి గాల్వనైజ్ చేసే పద్ధతిని గేట్లకు కూడా ఇస్తున్నాం. రేటు ఎక్కువే, వర్షానికి తడిసే గేటైతే పెట్టండి, కారిడార్ లోపలి గ్రిల్లుకు అక్కర్లేదు. కుక్కల కెన్నెల్, కోళ్ల గూడు ఆర్డర్ ఇచ్చేవాళ్లు జంతువు సైజు, ఎన్ని ఉంటాయి, ఎండ ఏ వైపు నుంచి పడుతుంది అన్నవి చెబితేనే కొలతలు వేస్తాం. రామచిలుకల పంజరాలు ఇకమీదట చెయ్యం. మన చిలుకలను ఇంట్లో పెంచడం చట్టం ఒప్పుకోదు, ఒకవేళ ఒప్పుకున్నా ఆ కొలతల్లో పంజరం చేయడానికి ఇప్పుడు మాకు మనసొప్పదు. కోతులు ఇంట్లోకి రాకుండా బాల్కనీకి జాలీ కావాలంటే బిగింపులు బయటి వైపు నుంచి విప్పడానికి వీల్లేకుండా పెడతాం. పాత జాలీ ఉన్నవాళ్లు అడిగితే మనిషిని పంపి అదే మార్చి ఇస్తాం.

పెండింగ్ ఆర్డర్లను తేదీల వరుసలోనే తీస్తున్నాం. గృహప్రవేశం ముహూర్తం పెట్టుకున్నవాళ్లు మాత్రం ఆ తేదీ ముందే చెప్పండి, వాళ్లవి ముందుకు జరుపుతాం. ఇక ఆగలేమనుకుంటే అడ్వాన్సు పూర్తిగా వెనక్కి ఇస్తాం, రసీదు పట్టుకుని వస్తే చాలు. ఆదివారం తప్ప రోజూ పొద్దున తొమ్మిది నుంచి వర్క్‌షాప్‌లోనే ఉంటాను.