నాన్న రాయబారం సీను

ఎడ్మంటన్,
ఆదివారం రాత్రి

నాన్నకి, అమ్మకి నమస్కారాలు.

మేం ముగ్గురం బాగున్నాం. చలి మైనస్ 25 దాకా పోయింది. ఇంట్లో హీటర్ ఉంది కాబట్టి అమ్మ కంగారు పడక్కర్లేదు. ఆఫీసు నడుస్తోంది. మా టీములో ఇద్దరిని తీసేశారు, నన్ను కాదు. ఆ సంగతి వదిలేయండి.

గానసభ హాల్లో జరిగే నాటకాల పోటీకి నాన్న వేయబోయే కృష్ణ రాయబారం సీను గురించి ఫోనులో చెప్పలేక ఇది రాస్తున్నాను. పక్క ఫ్లాటు అమ్మాయి బుధవారం హైదరాబాదు బయల్దేరుతోంది, తన చేతికిస్తున్నాను. సంచిలో తేనె సీసా నాన్నకి, ఉన్ని మేజోళ్ళు అమ్మకి.

నాన్నా, ఆ రోజు నేనలా అనకుండా ఉండాల్సింది. "స్టెంట్ వేసి ఏడాది కాలేదు, ఈ వయసులో రాయబారం ఎందుకు, కావాలంటే కృష్ణుడు పడుకుని ఉండే పడక సీను వేసుకో" అన్నాను. "నా మాట నమ్మమ్మా, ఏం కాదు" అన్నావు. నేను ఇంకా గట్టిగా మాట్లాడాను. నువ్వు "సరేలే" అని ఫోను అమ్మకిచ్చేశావు. తర్వాత నాలుగు రోజులు అమ్మే మాట్లాడింది. "మీ నాన్న అలిగాడే" అంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి నువ్వు అలగడం ఎప్పుడూ చూడలేదు. అన్నయ్య ఇంజనీరింగు మానేసిన రోజున కూడా నువ్వు అందరితో కలిసి కూర్చుని అన్నం తిన్నావు.

నా వైపు నుంచి కూడా ఒక్క మాట విను. నీకు ఆపరేషన్ థియేటర్ తలుపు వేసినప్పుడు అమ్మ బయట ఒక్కతే ఉంది. నేను విమానంలో ఉన్నాను. దిగేదాకా నాకేమీ తెలియదు. ఆ ప్రయాణం నా ఒంట్లోంచి ఇంకా పోలేదు. అందుకే నోరు జారాను తప్ప, నీ గొంతు మీద నమ్మకం లేక కాదు.

అమ్మా, ఒక రహస్యం చెప్పేస్తున్నాను, కోప్పడకు. నాన్నా, గురువారం నుంచి నువ్వు డాబా మీద సాధన చేస్తుంటే అమ్మ నాకు ఫోను చేసి, మెట్ల మీద పెట్టి వెళ్ళిపోతోంది. మీకు పొద్దున ఆరున్నర, నాకు ముందు రోజు సాయంత్రం ఆరు. వంట చేసుకుంటూ వింటున్నాను. మొదటి రోజు హార్మోనియం వినగానే పొయ్యి కట్టేసి కూర్చుండిపోయాను. తాతయ్యదే కదా? గాలి పోతోందని అటక మీద పెట్టేసిన పెట్టె కదా? ఎవరు బాగు చేశారు? హార్మోనియం మెట్టు ఒకటి ఇంకా కీచుమంటోంది, చూపించు.

"అలుగుటయే" పద్యం మూడు రోజులూ విన్నాను. అందరూ దాన్ని బెదిరింపుగానే పాడతారు. ధర్మరాజుకి కోపం వస్తే సముద్రాలన్నీ ఏకమవుతాయి అనే చోట గొంతు పెంచుతారు, జనం ఈలలు వేస్తారు. నువ్వూ అక్కడ పెంచావు. కానీ "నా పలుకుల విశ్వసింపుము" దగ్గరికి వచ్చేసరికి తగ్గించి, బతిమాలుతున్నట్టు అన్నావు. తిరుపతి వేంకట కవులు ఆ పద్యాన్ని ముగించింది బతిమాలడంతోనే కదా. నా మాట నమ్ము, లోకాన్ని కాపాడు అనే కదా కృష్ణుడు అడిగేది. చిన్నప్పటి నుంచి క్యాసెట్లో ఎన్నిసార్లు విన్నానో, ఇది నాకు ఇప్పుడే తెలిసింది. పడక సీను వేసుకోమన్నానే, అందులో ఈ పద్యం ఎక్కడుంది?

రాయబారమే వెయ్యి నాన్నా.

ఒక్కటి మాత్రం చెప్తాను. టైము చూసుకో. ఇరవై నిమిషాలే అన్నారు, పదిహేనుకి మొదటి గంట. నేను గడియారం పెట్టుకుని చూశాను. పద్యం నిమిషం లోపే, రాగం మూడు నిమిషాలు. ఇలాగైతే కర్ణుడికి మాట్లాడే వంతు రాకముందే గంట కొట్టేస్తారు. తాతయ్య రోజుల్లో తెనాలి చుట్టుపక్కల ఊళ్ళల్లో నాటకం తెల్లవార్లూ ఆడేవారు, ఒన్స్ మోర్ అంటే మళ్ళీ పాడేవారు. అప్పుడు చెల్లింది. షణ్ముఖి ఆంజనేయరాజు గారి రాగం నీకు ప్రాణమని తెలుసు. కానీ పీసపాటి నరసింహమూర్తి గారి కృష్ణుణ్ణి తాతయ్య ఎందుకంత మెచ్చుకునేవాడో నువ్వే కదా చెప్పావు, మాట వినపడుతుందని. నీ ఊపిరికీ అదే మంచిది. "అజాతశత్రువే" దగ్గర ఆగి గాలి పీల్చుకో. నిన్న అక్కడ ఆగలేదు, నాకు వినపడింది.

కింద వాటా ఇంటర్ అమ్మాయి కర్ణుడు వేస్తోందని బామ్మగారు గొణుగుతున్నారట. స్థానం నరసింహారావు గారు సత్యభామ వేస్తే ఊళ్ళకి ఊళ్ళు కదిలి వచ్చాయి, 1956లో పద్మశ్రీ కూడా ఇచ్చారు. మగవాళ్ళు సత్యభామ వేయగా లేనిది ఆడపిల్ల కర్ణుడు వేస్తే తప్పేమిటని నా మాటగా చెప్పండి. ఆ పిల్ల గొంతులో కోపం బాగుంది. కాస్త తొందర ఎక్కువ, అంతే.

హరిశ్చంద్ర నాటకంలోని కాటి సీను వేసేవాళ్ళ గురించి దిగులు పెట్టుకోకు. జాషువా గారి శ్మశాన పద్యాలు ఎత్తుకుంటే ఎవరికైనా చప్పట్లు పడతాయి. బలిజేపల్లి వారు రాసిన ఆ నాటకంలో లేని పద్యాలను నటులు తెచ్చి కలుపుకున్నారంటేనే వాటి బలం తెలుస్తోంది. గిరీశం, వెంకటేశం వేసే కుర్రాళ్ళ దగ్గర విజయనగరం యాస ఉందో లేదో విని నాకు చెప్పు. డబ్బు తీసుకుని వేసేవాళ్ళని రానివ్వకపోవడం, రికార్డు చేసిన సంగీతం వద్దనడం చాలా మంచి పని. మన కాలనీ వాళ్ళకి నా తరఫున చెప్పండి.

అమ్మా, బీపీ మాత్రలు అయిపోయే ముందే తెప్పించుకో. మొన్న రెండు రోజులు మానేశావని నాకు తెలిసింది.

కిరీటం, భుజకీర్తులు అద్దెకిచ్చే ఆయన్ని తేలికవి అడగండి. మేకప్‌తో ఎక్కువసేపు కూర్చోబెట్టొద్దు, నాన్నకి ఉక్క పడదు. డాక్టరుగారు ట్రెడ్‌మిల్ టెస్టు చూసి సరేనన్నారని అమ్మ చెప్పింది. నాన్నా, నీ నోటితో కూడా ఒకసారి చెప్పు. బాగ్‌లింగంపల్లి నుంచి గానసభ దగ్గరే కదా అని ఆ రోజు స్కూటరు తియ్యకు, ఆటోలో వెళ్ళండి. మాత్ర జేబులో పెట్టుకో. పంచెకి జేబు ఉండదు, అమ్మకివ్వు.

మీకు సాయంత్రం ఆరంటే నాకు తెల్లవారి అయిదున్నర. లేచి ఉంటాను. కింద వాటా బాబాయిగారిని ముందు వరసలో కూర్చుని ఫోను పట్టుకోమనండి. చెయ్యి నొప్పి పుడితే కుర్చీ మీద ఆనించమనండి, బొమ్మ కనపడకపోయినా ఫరవాలేదు, నాన్న గొంతు వినిపిస్తే చాలు.

మీ చిన్నమ్మాయి