చెప్పడం తగ్గించి అడగడం మొదలుపెట్టాక

చిట్టీ,

ఎలా ఉన్నావే, పిల్లాడి జ్వరం తగ్గిందా? నీ పదకొండు నిమిషాల వాయిస్ మెసేజ్ బస్సులో ఒకసారి విన్నా, రాత్రి అందరూ పడుకున్నాక మళ్ళీ విన్నా. ఫోన్ చేద్దామనుకున్నా గానీ ఫోన్లో మనిద్దరం ఒకళ్ళ మాట ఒకళ్ళం విననివ్వం కదా, అందుకే కూర్చుని రాస్తున్నా. పెద్దదే అవుతుంది, టీ పెట్టుకుని చదువు.

"పేషెంట్లు వారం వారం వచ్చి చేస్తున్నా మేడం అంటారు, చెయ్యి చూస్తే ఎక్కడున్నది అక్కడే ఉంటుంది, ఇప్పుడు కోపం కూడా రావట్లేదే, నీరసం వస్తోంది" అన్నావు చూడు, ఆ మాట నాకు గుచ్చుకుంది. ఎందుకంటే మనిద్దరం ఓటీలమే, ఆక్యుపేషనల్ థెరపిస్టులం, మనిషి తన రోజువారీ పనులు తనే చేసుకునేలా చెయ్యడమే మన పని, రెండేళ్ళ కిందట నేనూ అక్కడే ఉన్నా. నా పేషెంట్లందరికీ బొమ్మలేసి, రంగు పెన్నులతో, తెలుగులో, పూటకి పదిసార్లు అని రాసి ఇంట్లో చెయ్యాల్సిన వ్యాయామాల షీట్ ఇచ్చేదాన్ని. ఒకరోజు ఒక మాస్టారి ఇంటికి విజిట్‌కి వెళ్తే నా షీట్ పంచాంగంలో పేజీ గుర్తుగా పెట్టి ఉంది. మడత కూడా నలగలేదు. ఆ రోజు ఇంటికొచ్చేదాకా దాని గురించే ఆలోచించా.

ఆ తర్వాతే ఆ ఆన్‌లైన్ హెల్త్ కోచింగ్ కోర్సు చేశా, మనం చెప్పడం కాకుండా పేషెంట్‌ని అడిగి తనచేతే చెప్పించే పద్ధతి, నీకు అప్పట్లో చెప్పా కదా, నువ్వు "మళ్ళీ సర్టిఫికెట్టా" అన్నావు. సర్టిఫికెట్ సంగతి వదిలెయ్, అక్కడ నేర్చుకున్న నాలుగు పనులు ఇప్పుడు నా ఓపీలో రోజూ వాడుతున్నా, అవే నీకు చెప్పాలని ఈ ఉత్తరం. ఆ మాస్టారి కథతోనే చెప్తా, అన్నీ అందులోనే ఉన్నాయి.

ఆయనకి డెబ్బై ఆరేళ్ళు, లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. స్ట్రోక్ వచ్చి కుడిపక్క పడిపోయింది. నేను కలిసేటప్పటికి నడక పర్వాలేదు, భుజం కదులుతోంది, వేళ్ళు కొంచెం ముడుస్తున్నారు, తెరవడమే కష్టం. నేనేం చేశా? వేళ్ళతో పిసకడానికి పుట్టీ ఇచ్చా, పుల్లలు గుచ్చే పెగ్ బోర్డ్ ఇచ్చా, అన్నానికి ఎడమ చేత్తో స్పూన్ అలవాటు చేసుకోండి అన్నా. పుస్తకం ప్రకారం అన్నీ రైటే. ఆయన మర్యాదగా "అలాగేనమ్మా" అనేవారు. మూడు నెలలు "అలాగేనమ్మా". కోడలు స్పూన్‌తో తినిపిస్తూనే ఉంది.

కోర్సు అయ్యాక మళ్ళీ వెళ్ళి, ఈసారి ఫైల్ తెరవకుండా, "మాస్టారూ, ఈ స్ట్రోక్ వచ్చాక మీరు చెయ్యడం మానేసిన వాటిల్లో మీకు బాగా బాధగా ఉన్నదేంటి" అని అడిగి నోరు మూసుకున్నా. అది ఎంత కష్టమో తెలుసా, మనకి చెప్పడం అలవాటు, నిశ్శబ్దం వస్తే పూడ్చేస్తాం. కోడలు జవాబు చెప్పబోయింది, "ఆయన్నే చెప్పనిద్దామమ్మా" అన్నా. చాలాసేపటికి, "పెళ్ళిళ్ళకి వెళ్ళడం మానేశానమ్మా" అన్నారు. ఎందుకండీ అంటే బంతిలో కూర్చుంటే కోడలు తినిపించాలి, లేదా ఎడమ చేత్తో తినాలి, విస్తరి ముందు ఎడమ చెయ్యి పెట్టడం ఆయన వల్ల కాదు. తన దగ్గర చదువుకున్న పిల్లలు వడ్డిస్తుంటే వాళ్ళ ముందు అలా కూర్చోలేనన్నారు.

చూశావా, మూడు నెలలుగా నేను ఎడమ చేత్తో స్పూన్ అంటుంటే ఆయనకి అది ఎలా వినపడిందో! ఆయన మొండికెయ్యలేదే, నేనే అడగలేదు. మన ఓలట్‌పూర్ కాలేజీలో వైవా కోసం సీఓపీఎం అనే ఫారం బట్టీ పట్టాం కదా, 1991లో కెనడా వాళ్ళు తెచ్చింది, పేషెంట్ తనకి ముఖ్యమైన పనులు తనే చెప్పి, ఎంత బాగా చెయ్యగలుగుతున్నాడు, ఎంత తృప్తిగా ఉంది అని ఒకటి నుంచి పదిలో తనే మార్కులు వేసుకోవాలి. ఆ ఫారం మొత్తం చెప్పేది ఇదే కదా, మరి మనం దాన్ని ఫారంలా నింపి పక్కన పెట్టేశాం. కోచింగ్ నాకు కొత్తగా ఇచ్చిందేమీ లేదు అనను గానీ, మన వృత్తిలో ముందునుంచీ ఉన్నదాన్నే ఎలా మాట్లాడి బయటికి తియ్యాలో నేర్పింది.

మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అని ఒకటుంది, కోచింగ్‌లో ఎక్కువ భాగం దాన్నుంచే. విలియం మిల్లర్ అని అమెరికన్ సైకాలజిస్ట్, తాగుడు సమస్య ఉన్నవాళ్ళతో పనిచేసేవాడు. నార్వేలో కొన్నాళ్ళు ఉన్నప్పుడు అక్కడి కుర్ర సైకాలజిస్టులు ఆయన్ని పేషెంట్‌తో ఎలా మాట్లాడతారో చేసి చూపించమని, మధ్యమధ్యలో ఆపి, ఇప్పుడు ఈ ప్రశ్నే ఎందుకడిగారు, ఇలాగే ఎందుకన్నారు అని అడుగుతూ ఉండేవాళ్ళట. వాళ్ళకి జవాబు చెప్తూ చెప్తూ తను చేసే పనేంటో తనకే తెలిసి, 1983లో దాని మీద మొదటి పేపర్ రాశాడు. ఎదుటివాళ్ళు అడగబట్టి బయటపడిన పద్ధతి, అందులో చెప్పేది కూడా అడగమనే! నాకు ఈ కథ భలే నచ్చింది. అందులో అసలు విషయం ఏంటంటే, మనం "మీరు చెయ్యాలి" అని ఎంత గట్టిగా నెడితే మనిషి "కానీ" అని అంత గట్టిగా వెనక్కి లాగుతాడు. చెయ్యాల్సిన కారణం మన నోట్లోంచి కాకుండా వాళ్ళ నోట్లోంచి రావాలి.

దానికి ఒక ప్రశ్న ఉందే. చెయ్యగలనని మీకెంత నమ్మకం, సున్నా నుంచి పదిలో చెప్పండి అని అడుగుతారు. మన పెద్దవాళ్ళని అలా అడిగితే బిక్కమొహం వేస్తారు, లేకపోతే మనల్ని సంతోషపెట్టడానికి పది అనేస్తారు. మాస్టారి దగ్గర నాకు అప్పటికప్పుడు తట్టింది, "కుడి చేత్తో అన్నం తినగలనని రూపాయికి ఎన్నణాల నమ్మకం ఉంది మాస్టారూ" అన్నా. ఆయన నవ్వారు, స్ట్రోక్ తర్వాత నా ముందు నవ్వడం అదే మొదలు. "ఆరణాలు" అన్నారు. మామూలుగా అయితే "ఆరేనా, పదహారెందుకు కాదు" అనేదాన్ని. అలా అంటే ఆయన తన కష్టాల చిట్టా విప్పుతారు, ఆ చిట్టా విప్పేకొద్దీ ఆయనే ఇంకా కుంగిపోతారు. అందుకని కోర్సులో చెప్పినట్టు తిప్పి అడిగా, "రెండణాలు అనకుండా ఆరు ఎందుకన్నారు?" ఆయన ఆలోచించి, "మొన్న కళ్ళజోడు పెట్టె తెరిచానమ్మా ఈ చేత్తో, ఎవరికీ చెప్పలేదు" అన్నారు. కోడలు అలా చూస్తుండిపోయింది. ఇప్పుడు అందరినీ అణాల్లోనే అడుగుతున్నా, కుర్రాళ్ళయితే ఫోన్ బ్యాటరీ ఎంత పర్సెంట్ అని అడుగుతా, టకామని చెప్తారు.

తర్వాత ప్లాన్ కూడా నేను చెప్పలేదు. "ఎక్కడ మొదలుపెడదాం మాస్టారూ" అన్నా. ఇడ్లీ అన్నారు, మెత్తగా తునుగుతుంది, జారిపోదు అని. తర్వాత ఉప్మా, తర్వాత పప్పన్నం, రసం అన్నం ఆఖరున. లెక్కల మాస్టారు కదా, సులువు లెక్క నుంచి కష్టం లెక్కకి వెళ్ళారు. మనం గ్రేడింగ్ అని చదువుకున్నది ఆయన వంటింటి భాషలో చెప్పేశారే! అప్పుడు నా వంతు. ఇక్కడ కూడా ఒక చిన్న పద్ధతి, ముందు అనుమతి అడగాలి. "నాకు తెలిసిన రెండు విషయాలు చెప్పమంటారా" అంటే సరే అన్నారు, అప్పుడు చెప్పా, మోచెయ్యి బల్ల మీద ఆనించుకుంటే వేళ్ళకి బలం మిగులుతుందని, అంచు ఎత్తుగా ఉన్న కంచం అయితే ముద్ద దానికి ఆనించి తీసుకోవచ్చని, కంచం కింద తడిగుడ్డ వేస్తే జరగదని. చెప్పి "ఇందులో మీకు ఏది కుదురుతుంది" అని మళ్ళీ ఆయన్నే అడిగా. తడిగుడ్డ, కంచం ఓకే అన్నారు, బల్ల వద్దు, కింద పీట మీదే కూర్చుంటా అన్నారు. సరే అని ఇంకో ఎత్తు పీట పక్కన పెట్టి మోచెయ్యి దాని మీద ఆనించుకునేలా చేశాం.

అన్నం కలపడం ఎంత పెద్ద పనో అప్పుడు చూశా చిట్టీ. నాలుగు వేళ్ళు కలిసి వంగాలి, మణికట్టు నిలబడాలి, ముద్ద నోటి దగ్గరికెళ్ళేటప్పుడు ముంజెయ్యి తిరగాలి, చివర్లో బొటనవేలు వెనకనుంచి నెట్టాలి. పుట్టీతో నేను చేయించాలనుకున్నవన్నీ అందులోనే ఉన్నాయి, అదీ రోజుకి మూడుపూట్లా. పుట్టీ ముట్టుకోని మనిషి పూటకి అరగంట కంచం ముందు కూర్చున్నారు. మొదట్లో సగం నేలపాలు. కోడలికి చూస్తూ ఊరుకోవడం కష్టమైంది పాపం, ఆమె చేస్తున్నది ప్రేమే కదా. ఆమెని కూడా అడిగా, "ఎంతసేపు చూడగలవమ్మా చెయ్యి పెట్టకుండా" అని. పది నిమిషాలు అంది. సరే, పది నిమిషాల తర్వాత నువ్వు తినిపించు అన్నాం. రెండు వారాలకి ఇరవై నిమిషాలు అయింది.

నాలుగు నెలలకి సీఓపీఎంలో ఆయన వేసుకున్న మార్కులు రెండు నుంచి ఐదుకి వచ్చాయి, తృప్తి ఒకటి నుంచి ఏడుకి. రెండు మార్కులు పెరిగితేనే చెప్పుకోదగ్గ మార్పు అని చదువుకున్నాం గుర్తుందా. చెయ్యి పూర్తిగా రాలేదు, వస్తుందని నేను అనలేదు కూడా. మేనకోడలి పెళ్ళికి మాత్రం వెళ్ళారు. బంతిలో చివర కూర్చుని, పప్పన్నం దాకా తిని, పెరుగన్నం దగ్గర ఆపేశారట.

అన్నిచోట్లా ఇలాగే అయిందనుకోకు. ఒక తప్పు చెప్తా నీకు. కోర్సు అయిన కొత్తలో ఉత్సాహం ఎక్కువై, అప్పుడే డిశ్చార్జ్ అయిన పేషెంట్ కూతురు తండ్రిని చచ్చుబడిన చెయ్యి పట్టుకుని లాగి లేపుతుంటే, "ఇలా లేపడం గురించి మీరేమనుకుంటున్నారు" అని మొదలుపెట్టా. ఆ అమ్మాయి ఇంకో రెండుసార్లు అలాగే లాగింది. ఆ భుజం అసలే జారి ఉంటుంది కదా, మర్నాటికి నొప్పి పెరిగింది. అక్కడ అడగడం కాదు, "ఆగమ్మా, ఆ చెయ్యి లాగకూడదు, ఇలా నడుము దగ్గర పట్టుకో" అని సూటిగా చెప్పి, చేసి చూపించి, ఆమెతో చేయించి చూసుకోవాలి. దెబ్బ తగిలే చోట, మింగితే పొలమారే చోట, జారి పడే చోట కోచింగ్ లేదు. ఆ పెద్దాయనకి ఆ నొప్పి తగ్గేదాకా నాకు నిద్ర పట్టలేదు.

ఇంకొకటి కూడా ఉంది, దీని మీద నాకు కొంచెం కోపం కూడా ఉంది. కోచింగ్ అంటే అంతా పేషెంట్ మనసులోనే ఉన్నట్టు మాట్లాడతారు కొంతమంది. ఒకావిడ వస్తుంది నా దగ్గరికి, రుమటాయిడ్ ఆర్థరైటిస్, పొద్దున్నే వేళ్ళు బిగుసుకుపోతాయి. గిన్నె రెండు అరచేతులతో ఎత్తమన్నా, బట్టలు మెలితిప్పి పిండకుండా తీగ మీద నీళ్ళోడనివ్వమన్నా, కూరలు కూర్చుని తరగమన్నా. అణాల్లో అడిగితే "నాకు పదహారణాలూ ఉందండీ, కూర్చుంటే మా అత్తగారు ఊరుకోరు" అంది. ఇంకేం మోటివేట్ చేస్తావు ఆవిడని? ఆవిడకి లేనిది మనసు కాదు, కూర్చునే హక్కు. తర్వాతిసారి అత్తగారిని కూడా తీసుకురమ్మని, ఆవిడకి కోడలి ఎక్స్‌రే చూపించి, "మీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి అత్తయ్యగారూ" అని ఆవిడ నొప్పుల దగ్గర్నుంచి మొదలుపెట్టా. ఇప్పుడు వంటింట్లో రెండు స్టూళ్ళు ఉన్నాయి, ఇద్దరూ కూర్చుంటున్నారు. అందుకే మనం ఓటీలం ఈ పని చేస్తే వేరేగా ఉంటుందనిపిస్తుంది నాకు, మనం మనసుతో పాటు స్టూలు కూడా చూస్తాం.

నీ పీడియాట్రిక్ వాళ్ళకైతే దీనికి వేరే పేరే ఉంది, ఆక్యుపేషనల్ పెర్ఫార్మెన్స్ కోచింగ్ అని, ఫియోనా గ్రాహం, సిల్వియా రోడ్జర్ తయారుచేశారు, తల్లిదండ్రుల్నే కోచ్ చెయ్యడం. నీ దగ్గరికొచ్చే ఆ అన్నం తినని బాబు వాళ్ళమ్మకి ఇంకో షీట్ ఇవ్వకు. "ఈ వారంలో వాడు ఎప్పుడైనా కాస్త బాగా తిన్నాడా, అప్పుడు ఏం వేరేగా ఉంది" అని అడుగు. ఆ తల్లికి తెలిసి ఉంటుందే, ఎవరూ అడిగి ఉండరు.

టైం ఏదీ అంటావు, నాకు తెలుసు. ఓపీలో ఇరవై నిమిషాలు, బయట పదిమంది. నేను మొదటి ఐదు నిమిషాలు మాత్రమే దీనికి పెడతా, మిగతాది మామూలుగా చేతులతో పనే. బుధవారం సాయంత్రం వాట్సాప్‌లో ఒక వాయిస్ పెడతా, "ఏది కుదిరింది" అని. "చేశారా" అని మాత్రం అడగను, అలా అడిగితే చేశాం మేడం అనే వస్తుంది. "కుదరలేదు" అన్నవాళ్ళకి థాంక్స్ చెప్తా, నిజం చెప్పినందుకు. లాస్ ఏంజెలిస్‌లో 361 మంది పెద్దవాళ్ళతో చేసిన స్టడీ గుర్తుందా, 1997లో వచ్చింది, ఫ్లోరెన్స్ క్లార్క్ వాళ్ళది? తొమ్మిది నెలలు ఓటీలతో కూర్చుని తమ రోజుని తామే దిద్దుకున్నవాళ్ళు బాగుపడ్డారు, ఊరికే కలిసి ఆటాపాటా చేసిన గుంపు ఏమీ చెయ్యనివాళ్ళకంటే మెరుగ్గా లేదు. పరీక్షకి చదివినప్పుడు రెండు మార్కుల ప్రశ్న అది. ఇప్పుడు దాని గురించి ఆలోచిస్తే ఒళ్ళు జలదరిస్తుంది.

సరే, నీ "చేస్తున్నా మేడం" పేషెంట్ సోమవారం వస్తాడన్నావు కదా. చెయ్యి చూడకముందే అడుగు, ఏది మానేశారు, ఏది బాధగా ఉంది అని. అడిగి ఆగు, లోపల పది లెక్కపెట్టుకో. ఆయన ఏమన్నాడో ఆయన మాటల్లోనే నాకు రాయి, నీ మాటల్లో వద్దు.

అమ్మ ఆవకాయ పెట్టింది, నీకు కిలో సీసా పక్కన పెట్టించా, బావగారు విశాఖ వచ్చేటప్పుడు తెస్తారు. పిల్లాడికి ముద్దులు. వాడు ఇంకా ఎడమ చేత్తోనే పెన్సిల్ పట్టుకుంటున్నాడా, మీ అత్తగారితో ఆ విషయం ఎలా మాట్లాడావో కూడా రాయి.

నీ
బుజ్జి
గుంటూరు