వంగిన బొటనవేలు

హనుమకొండ,
ఆదివారం

ఒరేయ్ మిత్రమా,

నిన్న ఫోనులో నీ గొంతు విన్నప్పటి నుంచి మనసు మనసులో లేదు. బాబు బొటనవేలు చాపలేకపోతున్నాడని చెప్పి, "ఎప్పుడో చెయ్యి పట్టి లాగి ఉంటాను" అన్నావు. ఆ మాట ఇక అనకు. నువ్వు లాగితే వచ్చింది కాదు.

మా చిన్నదానికి రెండేళ్లు దాటాక, బతుకమ్మ రోజుల్లో చూశాం. తంగేడు రెమ్మలు ఒక్కొక్కటే నానమ్మకు అందిస్తోంది. రెమ్మ ఇచ్చేశాక కూడా కుడి బొటనవేలు పైకణుపు దగ్గర కొక్కెంలా వంగే ఉంది. నొప్పీ లేదు, ఏడుపూ లేదు. అమ్మ నరం పట్టేసిందని ఆముదం రాసింది. నేను విరిగిందేమోనని ఎక్స్‌రే తీయించాను. ఎముక బాగానే ఉంది.

ఎముకల డాక్టరు నా వేలు తీసుకుని దాని బొటనవేలి మొదట్లో, అరచేతి వైపు ఆనించారు. కందిగింజంత గట్టిగా తగిలింది. వేలిని వంచే తాడులాంటి స్నాయువు మీది ముడి అది. 1850లో దాన్ని వివరించిన ఫ్రెంచి వైద్యుడి పేరుతో నొట్టా ముడి అంటారట. లంగా బొందుకు మధ్యలో ముడి పడితే నేఫాలో, అంటే బొందు దూర్చే మడతలో, ఇరుక్కుంటుంది చూడు, అచ్చం అలాగే స్నాయువు జారే తొడుగులో ఈ ముడి ఇరుక్కుని వేలిని చాపనివ్వదు.

తొందరపడనక్కరలేదు. కొరియా వైద్యులు ఆపరేషన్ లేకుండా ఏళ్ల తరబడి గమనించిన పిల్లల్లో సగానికి పైగా వేళ్లు వాటంతటవే చక్కబడ్డాయి. ఈలోగా మెల్లగా చాపించే వ్యాయామం, కొందరికి రాత్రిపూట వేలిని చాపి ఉంచే పట్టీ. బలవంతంగా మాత్రం లాగొద్దు, చెల్లెమ్మకు కూడా చెప్పు. పెద్దవాళ్లకిచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ పసివాళ్లకు సాధారణంగా ఇవ్వరు.

మేం ఏడాది చూశాం, వేలు కదల్లేదు. అప్పుడు ఆపరేషన్‌కు ఒప్పుకున్నాం. మత్తిచ్చి, వేలి మొదటి ముడతలో చిన్న గాటు పెట్టి, బిగిసిన తొడుగును తెరుస్తారు. అక్కడ చర్మం కిందే స్పర్శనరం ఉంటుంది కనుక చేతి శస్త్రచికిత్సలో అనుభవమున్నవారే చేయాలని పట్టుబట్టాను. నువ్వూ పట్టుబట్టు. కట్టు విప్పిన రోజు అది బొటనవేలు నిటారుగా నిలబెట్టి, వంచి, మళ్లీ నిలబెట్టి, నా ముఖం చూసింది. నాకు కళ్లు మసకబారాయి.

ఒక్కటి సరిచూడు. వంగింది బొటనవేలే కదా? పక్కవేళ్లకు వస్తే కారణాలు వేరుగా ఉండవచ్చు, వాటిని వెతకాలి. రెండో చెయ్యి కూడా చూడు, కొందరికి రెండింటికీ ఉంటుంది.

మంచిర్యాలలో పొద్దున బండెక్కు. కాజీపేట స్టేషనుకు నేనే వస్తాను, డాక్టరు దగ్గరకు కలిసే వెళ్దాం.

నీ
హనుమకొండ మిత్రుడు