ప్రశ్న పిల్లలదే కానివ్వండి

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన శనివారం ఆరు, ఏడు తరగతుల పిల్లలను గ్రంథాలయానికి తీసుకెళ్లాం. మన పిల్లలు ఎగబడి చదివే కథల పుస్తకాలు రాసిన రచయిత్రి ఆ రోజు అక్కడ మాట్లాడారు. ఆవిడ ఉండేది మనకు దగ్గర్లోనే. చాలామంది పిల్లలు ఆవిడను దారిలో చూసే ఉంటారు, ఆ కథలు రాసింది ఆవిడేనని మాత్రం తెలియదు.

బయల్దేరే ముందు ఒక పాప నా దగ్గరికొచ్చి, "పుస్తకాలు రాసినవాళ్లు బతికే ఉంటారా టీచర్?" అని అడిగింది. పక్కనున్న పిల్లలు నవ్వారు కానీ నాకు నవ్వు రాలేదు. పాఠం పక్కన కవి పరిచయంలో పుట్టిన సంవత్సరం, పోయిన సంవత్సరం చదివి చదివి ఆ పాపకు అలా అనిపించడంలో తప్పేముంది? ఈ కార్యక్రమం కోసం రెండు నెలలుగా నేను పట్టుబట్టింది కూడా అందుకే.

ప్రసంగం ఉంటుందనుకున్నాం. ఆవిడ సంచిలోంచి ఒక పాత రూళ్ల నోటుబుక్ తీసి ముందు వరసలో కూర్చున్న పిల్లల చేతికిచ్చారు. పిల్లలు చదివిన పుస్తకానికి అది చిత్తుప్రతి. మొదటి వాక్యం ఆరుసార్లు రాసి ఉంది, అందులో ఐదు కొట్టేసి ఉన్నాయి. నల్ల సిరా మీద ఎర్ర సిరా, దాని మీద పెన్సిలు. ఒకచోట మార్జిన్‌లో, "అమ్మమ్మ ఇంత పెద్ద మాట అనదు" అని తనకు తానే రాసుకున్నారు. నోటుబుక్ చేతులు మారుతున్నంతసేపూ హాల్లో చప్పుడు లేదు. ఒక్క అక్షరం కొట్టేయాల్సి వస్తే పేజీయే చింపేసి మళ్లీ మొదలుపెట్టే పిల్లలు మనవాళ్లు. నీట్‌గా రాస్తేనే మార్కులని చెప్పి ఆ భయాన్ని మేమే పెంచామని నాకు అక్కడే అర్థమైంది. ఈ నెల నుంచి వ్యాసరచనలో చిత్తుప్రతి కూడా తీసుకుంటాం. కొట్టివేతలకు మార్కులు తగ్గించం.

తర్వాత ప్రూఫులు, అంటే అచ్చుకు ముందు తప్పులు దిద్దడానికి వచ్చే కాగితాలు, చూపించారు. "ఆమె కల నెరవేరింది" అని ఆవిడ రాస్తే, ప్రూఫులో "ఆమె కళ నెరవేరింది" అని వచ్చింది. ఒక్క అక్షరం తేడాతో మనిషి గురించిన మాటే మారిపోయింది. మూడుసార్లు చదివినా అది కంటికి ఆనలేదట, నాలుగోసారి పైకి చదివినప్పుడే దొరికిందట. తన ప్రతి పేజీనీ అలాగే గొంతెత్తి చదువుతారట. ఎక్కడ ఊపిరి చాలకపోతే అక్కడ వాక్యాన్ని రెండు చేస్తారు. మర్నాడు మా ఏడో తరగతి పిల్లలు సొంత వ్యాసాలు పైకి చదువుకుంటూ దిద్దుకోవడం చూశాను.

లెక్కల మాస్టారికి కూడా అక్కడ పాఠం దొరికింది. పుస్తకం వెనక అట్ట మీద బార్‌కోడ్ దగ్గర ఉండే పుస్తకపు గుర్తింపు సంఖ్య, ఐఎస్‌బీఎన్ సంగతి ఒకబ్బాయి అడిగాడు. 2007కు ముందు ఆ సంఖ్యలో 10 అంకెలే ఉండేవి, ఆ ఏడు జనవరి నుంచి 13 అయ్యాయి. ఈ 13 అంకెల సంఖ్యలో మొదటి అంకెను 1తో, రెండోదాన్ని 3తో, మళ్లీ 1తో, మళ్లీ 3తో, ఇలా చివరిదాకా గుణించి అన్నీ కూడితే వచ్చే మొత్తం 10తో నిశ్శేషంగా భాగింపబడాలి. ఎక్కడైనా ఒక్క అంకె తప్పు రాస్తే లెక్క కుదరదు. పిల్లలు బీరువాల్లోంచి పుస్తకాలు లాగి మరీ సరిచూశారు. మీ ఇంట్లో ఉన్న పుస్తకాలతోనూ చేయించండి, సరదాగా ఉంటుంది.

ఇక నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం.

ప్రశ్నల సమయం రాగానే చాలామంది పిల్లలు జేబుల్లోంచి చీటీలు తీశారు. అవి పెద్దవాళ్ల చేతిరాతతో ఉన్నాయి. "మీ సాహితీ ప్రస్థానానికి స్ఫూర్తి ఎవరు?" అన్న ప్రశ్న నలుగురు పిల్లలు ఇంచుమించు అవే మాటల్లో అడిగారు. ఒక పాపకు "ప్రస్థానం" నోరు తిరగక కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆవిడ నలుగురికీ ఓపిగ్గానే జవాబు చెప్పారు. కానీ జవాబు వింటున్నవాళ్లు తక్కువ. పిల్లలు చీటీ మడిచి జేబులో పెట్టుకుని, పని అయిపోయిందన్నట్టు కూర్చున్నారు.

అప్పుడు చివరి వరసలోంచి ఒకబ్బాయి లేచాడు. చేతిలో చీటీ లేదు. "మేడమ్, వాళ్లు ఇల్లు మారేటప్పుడు కుక్క అరుగు మీద పడుకుని ఉంది కదా. తర్వాత అది ఎక్కడికి వెళ్లింది?" అన్నాడు. ఆవిడ వెంటనే ఏమీ అనలేదు. పుస్తకం తెరిచి ఆ పేజీ చూశారు, తర్వాతి పేజీలు తిప్పారు. తిప్పి తిప్పి, "దాన్ని అక్కడే మర్చిపోయాను నాన్నా" అన్నారు. మళ్లీ ముద్రించేటప్పుడు దాన్ని వెంట తీసుకెళ్తానని మాటిచ్చారు. ఆ తర్వాత ఒక్కసారిగా ఎన్ని చేతులు లేచాయో! పిల్లి సంగతేంటని, తాతయ్య కళ్లజోడు దొరికిందా అని, చెల్లెలికి పేరెందుకు పెట్టలేదని. సమయం చాలలేదు. మిగిలిన ప్రశ్నల కోసమే మళ్లీ వస్తానని, ఈసారి మన బడికే వస్తానని ఆవిడే అన్నారు.

పిల్లలు నలుగురిలో తడబడకూడదనే మీరు ప్రశ్నలు రాసిచ్చారని నాకు తెలుసు. నా పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు నేనూ అదే చేశాను. ఈసారి మాత్రం ఆ సాయం చేయకండి. మీరు చేయగలిగింది ఇంకొకటి ఉంది. ఆవిడ కథల్లో ఒకటి రాత్రిపూట పిల్లలతో కలిసి చదవండి. మధ్యలో వాళ్లు ఆపి ఏదైనా అడిగితే జవాబు చెప్పేయకుండా, "ఆవిడనే అడుగు" అనండి.

తేదీ ఖరారు కాగానే డైరీలో రాసి పంపిస్తాం. తల్లిదండ్రులూ రావచ్చు, వెనక బెంచీలు మీకే. ఆటోగ్రాఫ్‌లు చివర్లో తీసుకోవచ్చు. ఫోటోల కోసం మధ్యలో లేవకండి.

సోమవారం ప్రతి పిల్లవాడికీ, ప్రతి పాపకూ ఒక తెల్ల కాగితం ఇచ్చి పంపుతున్నాం. ప్రశ్న వాళ్లే రాయాలి, వాళ్ల మాటల్లోనే. ఒత్తు పోయినా, దీర్ఘం పోయినా దిద్దకండి. ఆ కాగితాలను ఉన్నవి ఉన్నట్టే ఆవిడ చేతికిస్తాను.

మీ
ప్రధానోపాధ్యాయురాలు