బాబాయ్, ఆ క్యాసెట్లు అప్పుడే ఇచ్చేయొద్దు

స్టాక్‌పోర్ట్,
ఆదివారం రాత్రి

బాబాయ్‌కి నమస్కారాలు.

నేను కులాసా. పిన్ని మోకాలి నొప్పి తగ్గిందా? ఆ ఆయుర్వేదం నూనె మీద పెట్టిన నమ్మకం డాక్టర్ మీద కూడా కాస్త పెట్టమని నా మాటగా చెప్పు. నీ షుగర్ రిపోర్టు ఫొటో అక్క పంపింది. చూశాను. దాని గురించి కింద రాస్తాను.

ముందు అసలు సంగతి. మీరు ఇల్లు ఖాళీ చేసి అపార్ట్‌మెంట్‌కి మారుతున్నారనీ, అటక మీద వీడియో క్యాసెట్లన్నీ పాత సామాన్ల అతనికి చెప్పేశారనీ అక్క చెప్పింది. ఫోన్ చేస్తే నువ్వు "చూద్దాంలేరా" అని పెట్టేస్తావు. అందుకే కూర్చుని ఉత్తరం రాస్తున్నాను. ఇది పూర్తిగా చదివే వరకు ఒక్క క్యాసెట్ కూడా గుమ్మం దాటనివ్వకు.

ఆఫీసు బాగానే ఉంది. కాంట్రాక్టు మార్చి దాకా పొడిగించారు. ఆ తర్వాత సంగతి తర్వాత.

పక్కింటి పెద్దాయన గురించి ఇదివరకు చెప్పాను కదా, పోస్ట్‌మన్‌గా చేసి రిటైరైన ఆయన. ఆదివారం సాయంత్రాలు ఆయన ఇంట్లోనే గడుస్తున్నాయి. నేను పప్పు, కూర పట్టుకెళ్తాను, ఆయన టీ పెడతాడు, ఇద్దరం ఒక పాత గూఢచారి సీరియల్ చూస్తాం. పేరు 'ది ఎవెంజర్స్'. మన పిల్లలు చూసే సూపర్ హీరోల సినిమా కాదు, దానికీ దీనికీ సంబంధం లేదు. ఇది ఇంగ్లండ్‌ది, 1961 నుంచి 1969 దాకా వచ్చింది. మొత్తం 161 ఎపిసోడ్లు. బౌలర్ టోపీ, చేతిలో గొడుగు, మడత నలగని సూటు వేసుకునే జాన్ స్టీడ్ అనే ఆయన హీరో. ఆ వేషం వేసిన ప్యాట్రిక్ మాక్నీ రెండో ప్రపంచ యుద్ధంలో నేవీలో పనిచేసి వచ్చిన మనిషి. అక్కడ చూసింది చాలని, గూఢచారి పాత్ర అయినా తుపాకీ పట్టనన్నాడు. అందుకే ఆయన పోరాటమంతా గొడుగుతోనే. నువ్వు చూస్తే వదలవు బాబాయ్. డిటెక్టివ్ నవలలు అద్దెకు తెచ్చి రాత్రంతా చదివి, పొద్దున వీడియో షాపు ఆలస్యంగా తీసే మనిషివి. కృష్ణ గూఢచారి సినిమాల క్యాసెట్లు బయటికి అద్దెకు పోకుండా ఒక కాపీ ఎప్పుడూ ఇంట్లోనే దాచేవాడివి. నాకు గుర్తుంది.

ఇందులో ఎమ్మా పీల్‌గా వేసిన డయానా రిగ్ సంగతి వింటే పిన్ని కూడా కూర్చుంటుంది. ఆవిడ పుట్టింది ఇక్కడ డాంకాస్టర్‌లోనే గానీ, పసిగుడ్డుగా ఉన్నప్పుడే మన బికనీర్ వెళ్లిపోయింది. తండ్రి అక్కడి రైల్వేలో ఉద్యోగి. ఎనిమిదేళ్లు వచ్చేదాకా అక్కడే పెరిగింది, హిందీ మాట్లాడేది. తెర మీద మగవాళ్లను ఎత్తి కుదేసే ఆ మనిషి తనకు కెమెరామన్ కంటే తక్కువ జీతం ఇస్తున్నారని తెలిసి, ఎక్కువ ఇవ్వాల్సిందేనని అడిగి సాధించుకుంది. 1960ల్లో! అప్పుడు పత్రికలు ఆవిడనే డబ్బు మనిషి అన్నాయట. నాకు ఆవిడంటే చాలా గౌరవం కలిగింది. 2020లో పోయింది.

కానీ నేను నీకు చెప్పాలనుకున్నది కథ గురించి కాదు, ఆ సీరియల్ క్యాసెట్లకీ డిస్కులకీ పట్టిన గతి గురించి. ఈ వ్యవహారం నీకు అర్థమైనట్టు ఇంకెవరికీ కాదు.

పెద్దాయన దగ్గర ముందు వీహెచ్ఎస్ క్యాసెట్లు ఉండేవి, 90ల్లో వచ్చినవి. ఒక్కో దాంట్లో రెండేసి ఎపిసోడ్లు. తర్వాత 2009, 2010ల్లో సిరీస్‌ల వారీగా, అంటే సీజన్ల వారీగా, బాక్సుల్లో డీవీడీలు వేశారు. ఆయన అన్నీ కొన్నాడు. వరసగా చూస్తుంటే బొమ్మ తేడా ఎలా తెలుస్తుందో! 1965లో ఎమ్మా పీల్ వచ్చినప్పటి నుంచి 35 ఎంఎం ఫిల్మ్ మీద తీశారు. అమెరికా వాళ్లకు అమ్మాలంటే ఫిల్మ్ ఉండాల్సిందే మరి. అందుకని ఆ నెగెటివ్‌లు జాగ్రత్తగా దాచారు. ఇవాళ డిస్క్‌లో చూస్తే కోటు మీద నేత కూడా కనిపిస్తుంది. దానికి ముందు రెండు సిరీస్‌లు స్టూడియోలో వీడియో టేపు మీద రికార్డ్ చేసినవి, అందులో హానర్ బ్లాక్‌మన్ హీరోయిన్. టేపులు మిగల్లేదు. టీవీ తెర ముందు ఫిల్మ్ కెమెరా పెట్టి తీసిన కాపీలే మిగిలాయి. ఆ మసక, ఆ అంచుల వంపు చూడగానే నువ్వు కొత్త సినిమా కెమెరా ప్రింట్ వస్తే "ఇది మా షాపులో పెట్టను" అని తిప్పి పంపేవాడివి, అది గుర్తొచ్చింది. అయినా ఇక్కడ ఆ మసక కాపీలే దిక్కు. అవి కూడా లేకపోతే ఏమీ లేదు.

ఏమీ లేనిది మొదటి సిరీస్. 1961లో 26 ఎపిసోడ్లు ప్రసారమయ్యాయి. అప్పుడు హీరో డాక్టర్ కీల్, ఇయన్ హెండ్రీ వేశాడు. స్టీడ్ రెండోవాడు. కొన్ని నేరుగా లైవ్‌లో నటించారు. రికార్డ్ చేసినవి ఉన్నా, టేపు ఖరీదని తుడిచేసి దాని మీదే ఇంకోటి రికార్డ్ చేసేవాళ్లు. ఇవాళ పూర్తిగా మిగిలినవి మూడే మూడు. అది కాక మొట్టమొదటి ఎపిసోడ్‌లో మొదటి భాగం ఒక్కటి. మూడింట్లో ఒకటి, సర్కస్ కథ, ఎక్కడో అమెరికాలో ఒక యూనివర్సిటీ ఆర్కైవ్‌లో బయటపడింది. ఇంకోటి 2016లో ఒక ప్రైవేటు సేకరణలో దొరికింది. పోయిన టీవీ కార్యక్రమాలు వెతికే సంస్థ ఒకటుంది ఇక్కడ, కాలైడోస్కోప్ అని, వాళ్లు పట్టుకున్నారు. 2018లో ఆ ఒక్క ఎపిసోడ్ కోసమే ప్రత్యేకంగా డీవీడీ వేశారు. పెద్దాయన దాన్ని రెండు కాపీలు కొన్నాడు, ఒకటి పాడైతే ఇంకోటి ఉంటుందని.

మిగిలిన వాటి కోసం వీళ్లు పడే తిప్పలు చూస్తే నాకు కళ్లు చెమర్చాయి. ఆ రోజుల్లో ప్రసారమవుతుండగా టీవీ తెరను స్టిల్ కెమెరాతో తీసిన ఫొటోలు కొన్నిటికి దొరికాయి. వాటిని వరసగా పేర్చి, కథ చదివి వినిపిస్తూ డిస్కుల్లో పెట్టారు. స్క్రిప్టులను బట్టి 2014 నుంచి కొత్త నటులతో ఆడియో నాటకాలు చేశారు. హక్కులు చేతులు మారి మారి ఇప్పుడు ఫ్రాన్స్ కంపెనీ స్టూడియోకెనాల్ దగ్గరున్నాయి. ఇంతమంది ఇంత కష్టం. అప్పుడు ఆ టేపు బీరువాలో పడి ఉంటే ఈ పని ఎవరికీ ఉండేది కాదు.

పెద్దాయన చిన్నప్పుడు ఆ మొదటి ఎపిసోడ్లు చూశాడు. మాంచెస్టర్ వైపు శని, ఆదివారాల్లో ప్రసారాలు ఏబీసీ అనే కంపెనీవి, ఆ సీరియల్ తీసిందీ వాళ్లే. వాళ్ల స్టూడియో ఒకటి మాకు దగ్గర్లో డిడ్స్‌బరీలో ఉండేది, ఇప్పుడు ఆ భవనం లేదు. ఆయనకు ఒక సీన్ బాగా గుర్తుందట. వర్షంలో టెలిఫోన్ బూత్, లోపల ఒక మనిషి, బయట డాక్టర్ కీల్ అద్దం మీద కొడుతూ ఉంటాడట. వాళ్ల నాన్న కుర్చీ చేతి మీద కూర్చుని చూశాడట. అలాంటి సీన్ నిజంగా ఉందో, వేరే సీరియల్‌ది ఇందులో కలిసిపోయిందో తేల్చడానికి దారి లేదు. ఆ సంగతి చెప్పేటప్పుడల్లా గొంతు తగ్గిపోతుంది. సీన్ గురించి కాదు, వాళ్ల నాన్న గురించి అని నాకు తెలుసు.

బాబాయ్, అక్క పెళ్లిలో నాయనమ్మ హారతి పాట పాడింది కదా. ఏ పాట? అక్క ఒకటి అంటుంది, నేను ఒకటి అంటాను, అమ్మ రెండూ కాదంటుంది. అక్క దగ్గరున్న క్యాసెట్‌లో తేలదు. మిక్సింగ్‌లో ఆ చోట సినిమా పాట వేశారు. నాయనమ్మ నోరు కదులుతూ ఉంటుంది, వినిపించేది సినిమా పాట. పక్కన నాన్న ఏదో అంటున్నాడు, అందరూ నవ్వుతున్నారు. ఏమన్నాడో తెలియదు. నాన్న గొంతు మన దగ్గర ఇంకెక్కడా లేదు.

నీ దగ్గర ఉంది. మిక్సింగ్‌కి ముందు మాస్టర్. భుజాన ఎం7 కెమెరా పెట్టుకుని నువ్వు తీసిన అసలు క్యాసెట్. తెనాలిలో అందరూ టేపు ఖరీదని మాస్టర్ మీదే ఇంకో పెళ్లి రికార్డ్ చేస్తుంటే, నువ్వు మాత్రం ఒక్కటి కూడా చెరిపేవాడివి కాదు. ఎవరి కాపీ అయినా పాడైతే మళ్లీ వేసివ్వాలని. దాని మీద పిన్నితో మాటలు పడ్డావు. అప్పు చేసి కొత్త టేపులు కొన్నావు. అలా కాపాడినవాటిని ఇప్పుడు కేజీల లెక్కన ఎలా ఇస్తావు?

అటక ఎక్కేది నువ్వు కాదు. పక్కింటి కుర్రాణ్ణి పిలువు. ముందు లేబుల్ చూసి మన ఇంటివి విడిగా పెట్టు: అక్క పెళ్లి, బుజ్జి బారసాల, తాతయ్య షష్టిపూర్తి. రీల్ అంచున తెల్లగా బూజు కనిపిస్తే దాన్ని మాత్రం ఏ వీసీఆర్‌లోనూ పెట్టొద్దు. హెడ్లకు అంటుకుని తర్వాత వేసిన ప్రతి క్యాసెట్‌కీ పాకుతుంది. నీకు నేను చెప్పక్కర్లేదు, అయినా రాస్తున్నాను, ఎందుకంటే ఆత్రంలో ఒకసారి వేసి చూద్దామనిపిస్తుంది. పడుకోబెట్టకుండా నిలబెట్టి అట్టపెట్టెలో పెట్టించు. మన దగ్గరా ఇక్కడా వీడియో సిగ్నల్ పాల్ (PAL) అనే ఒకే పద్ధతి కాబట్టి ఇక్కడి వీసీఆర్‌లో ఆడతాయి. పెద్దాయన దగ్గర మంచి మెషీన్ ఉంది, హెడ్లు ఆయనే శుభ్రం చేస్తాడు. దాన్ని కంప్యూటర్‌కి కలిపి ఎక్కించేది నేను చూసుకుంటాను. పోస్టులో మాత్రం వద్దు. సంక్రాంతికి అక్కా వాళ్ల ఆడపడుచు వస్తోంది కదా, ఆవిడ వెనక్కి వచ్చేటప్పుడు చేతి సంచిలో తెస్తుంది, మాట్లాడేశాను.

ఊళ్లోవాళ్ల పెళ్లిళ్ల మాస్టర్లు కూడా అమ్మొద్దు. ఆ ఇళ్లలోనూ పోయినవాళ్లు ఉంటారు. అపార్ట్‌మెంట్‌లో చోటు లేదంటే అమ్మ దగ్గర వెనక గది ఖాళీగానే ఉంది, అమ్మ సరేనంది. ఏదైనా ఖర్చయితే నేను పంపుతాను. వద్దనకు. ఇంటర్ ఫీజు కట్టింది ఎవరో నేను మర్చిపోలేదు.

పెళ్లి సంబంధం గురించి అడిగావని అక్క చెప్పింది. ఆ విషయం ఇప్పుడు ఎత్తొద్దు బాబాయ్. ఒంటరిగా కుమిలిపోతున్నానని అమ్మ అనుకుంటోంది. అలా ఏం లేదు. చలికాలం నాలుగింటికే చీకటి పడితే ఎవరికైనా దిగులుగానే ఉంటుంది, అది ఒక్క నాకే కాదు. వంట చేసుకుంటున్నాను. గోంగూర పచ్చడి ఇంకా సగం సీసా ఉంది. ఆదివారం మాట్లాడటానికి మనిషి ఉన్నాడు. ఆ గొడుగు ఆయన కథలు చూస్తూ, ఇంత టెన్షన్ ఉన్న సీన్‌లో కూడా వాళ్లిద్దరూ షాంపేన్ తాగుతూ మర్యాదగా మాట్లాడుకుంటుంటే, వారం అంతా ఉన్న బరువు కాస్త దిగుతుంది. అది చాలు నాకు ప్రస్తుతానికి.

నీకు ఒక సెట్ పంపుదామనుకున్నాను. డీవీడీలు ఒక ప్రాంతానివి ఇంకో ప్రాంతం ప్లేయర్‌లో ఆడకుండా రీజియన్ నంబర్లు పెడతారు కదా, ఇక్కడి డిస్కులు రీజియన్ 2, మనది 5. మీ ప్లేయర్ అన్ని రీజియన్లూ ఆడుతుందేమో వెనకాల స్టిక్కర్ చూసి చెప్పు. ఆడితే ఎమ్మా పీల్ కలర్ ఎపిసోడ్ల బాక్స్ పంపుతాను. సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూడొచ్చు. ఒకవేళ ఆడకపోతే ఇక్కడి నుంచి మల్టీ రీజియన్ ప్లేయరే పంపిస్తాను, పెద్ద ఖరీదేం కాదు.

ఇక నీ షుగర్. మూడు నెలల సగటు పరీక్ష మళ్లీ ఎప్పుడు? ఉదయం మాత్ర టిఫిన్‌కి ముందా తర్వాతా అని ఆ డాక్టర్ని సరిగ్గా అడుగు. కాళ్లు రోజూ చూసుకో. చెప్పులు లేకుండా పెరట్లోకి వెళ్లొద్దు. సాయంత్రం ఆ బజ్జీల బండి దగ్గర కనిపించావని నాకు రెండు చోట్ల నుంచి వార్త వచ్చింది. పిన్నికి ఇంకా చెప్పలేదు.

పాత సామాన్ల అతని ఫోన్ నంబర్ అక్కకి ఇవ్వు, రావొద్దని అక్క చెబుతుంది. మంగళవారం మన టైమ్ రాత్రి తొమ్మిదింటికి నేను ఫోన్ చేస్తాను. అప్పటికి అక్క పెళ్లి మాస్టర్ దొరికిందో లేదో ఆ ఒక్కటి చూసి పెట్టు. ఎర్ర స్కెచ్ పెన్నుతో నువ్వే రాశావు, పసుపు పెట్టెలో ఉండాలి.

పిన్నికి నమస్కారాలు. బుజ్జికి ముద్దులు.

ఇట్లు,
నీ చిన్నోడు