రెరా ఆర్డరు మా చేతిలో, ఫైలు మీ తహసీల్దారు టేబుల్ మీద

గౌరవనీయులైన తెలంగాణ రెవెన్యూ శాఖ మంత్రి గారికి నమస్కారాలతో,

ఫ్లాటు కొన్నవాళ్ల ఫిర్యాదులు వినే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ రెరా గురించి మీకు చెప్పేంతటివాళ్లం కాదు. ఆర్డరు రావడానికి ఎంతకాలం పడుతోందన్నది కూడా ఈ లేఖలో ఎత్తడం లేదు. ఎప్పటికో ఒకప్పటికి ఆర్డరైతే వస్తోంది. ఆ తర్వాత జరిగేదే మా గోడు. ప్రజావాణిలో అర్జీలు పెట్టుకున్నాం. రసీదు నంబర్లు వచ్చాయి. అంతకుమించి ఏమీ రాలేదు.

ఫ్లాటు కట్టివ్వని బిల్డరు డబ్బు వాపసు చేయాలని రెరా చట్టం సెక్షన్ 18 కింద ఆర్డరు ఇస్తారు. ఎస్‌బీఐ గరిష్ఠ ఎంసీఎల్‌ఆర్ (బ్యాంకు అప్పులకు ఆధారంగా పెట్టుకునే వడ్డీ రేటు) మీద 2 శాతం కలిపి వడ్డీ. బిల్డరు ఇవ్వడు. అప్పుడు సెక్షన్ 40(1) ప్రకారం, భూమిశిస్తు బకాయిలా వసూలు చేయమంటూ రికవరీ సర్టిఫికెట్ కలెక్టరుకు వెళుతుంది. ఆ సెక్షన్‌లో వడ్డీ, జరిమానా, పరిహారం అనే ఉంది, అసలు సొమ్ము మాట లేదు కదా అని ఒకప్పుడు వాదించేవారు. 2021 నవంబరులో న్యూటెక్ కేసులో సుప్రీంకోర్టు అసలు కూడా ఇదే దారిలో వసూలు చేయొచ్చని తేల్చేసింది. కాబట్టి చట్టంలో వంక లేదు.

సర్టిఫికెట్ కలెక్టరేటు నుంచి ఆర్డీవోకు, అక్కడి నుంచి తహసీల్దారుకు దిగుతుంది. దిగాక ఆగుతుంది. కొనుగోలుదారు వెళ్లి అడిగితే ఎదురయ్యే మొదటి ప్రశ్న, "బిల్డరు ఆస్తుల వివరాలు తెచ్చారా?" అని.

అయ్యా, ఆ వివరాలు ఎవరి దగ్గర ఉన్నాయి? ప్రాజెక్టు సర్వే నంబర్లు, మంజూరైన ప్లాను, ప్రత్యేక బ్యాంకు ఖాతా, అన్నీ రెరా రిజిస్ట్రేషన్ ఫైలులోనే ఉన్నాయి. కొన్నవాళ్ల దగ్గర తీసుకున్న డబ్బులో 70 శాతం వేయాల్సింది ఆ ఖాతాలోనే. ఎన్ని ఫ్లాట్లు బుక్కయ్యాయో మూడు నెలలకోసారి బిల్డరే వెబ్‌సైటులో పెట్టాలని సెక్షన్ 11 చెబుతోంది. బుక్కయినవి తీసేస్తే మిగిలినవే అమ్ముడుపోని ఫ్లాట్లు, అంటే జప్తు చేయదగ్గ ఆస్తి. ఏ ఫ్లాటు ఎవరి పేరున రిజిస్టరైందో సబ్ రిజిస్ట్రార్ దగ్గర ఈసీలో (ఆస్తి లావాదేవీల పత్రంలో) కనబడుతుంది. ఆ రిజిస్ట్రేషన్ శాఖ కూడా మీదే. ఇన్ని మీ దగ్గర పెట్టుకుని, జీతంలో సగం ఈఎంఐకి పోయే మనిషిని డిటెక్టివ్ పని చేయమంటున్నారు.

పోనీ, వివరాలు తెచ్చిచ్చారనుకుందాం. 1864 నాటి రెవెన్యూ రికవరీ చట్టంలో దారి స్పష్టంగా ఉంది. సెక్షన్ 25 కింద డిమాండ్ నోటీసు, కట్టకపోతే 27 కింద జప్తు, ఆపైన 36 కింద వేలం. నోటీసు దగ్గరే బండి ఆగిపోతుంది. లెటర్‌హెడ్ మీదున్న చిరునామాకు మనిషి వెళితే ఆఫీసుకు తాళం. "పార్టీ లేరు" అని రాసుకొస్తారు, ఫైలు మళ్లీ అటకెక్కుతుంది. పార్టీ దొరక్కపోతే ఆఖరున కాపురమున్న ఇంటికో, జప్తు చేయబోయే భూమి మీదో అంటించమని అదే సెక్షన్ 25లో ఉంది. నూట అరవై ఏళ్ల నాటి దొరలకు తట్టిన ఉపాయం ఇప్పటి మండల ఆఫీసులకు తట్టడం లేదు.

కంపెనీ ఆఫీసు హైదరాబాదు జిల్లాలో, భూమి సంగారెడ్డిలోనో రంగారెడ్డిలోనో ఉంటే ఇంకో ఆరాటం. "ఇక్కడ ఆస్తి ఏమీ లేదు" అని ఇక్కడివాళ్లు ఫైలు వెనక్కి పంపేస్తారు. అలాంటప్పుడు అవతలి జిల్లా కలెక్టరుకు సర్టిఫికెట్ పంపేందుకు 1890 నాటి రెవెన్యూ రికవరీ చట్టంలో సెక్షన్ 3 ఉంది. వెనక్కి పంపేవారికి ఈ సంగతి ఎవరైనా చెప్పాలి.

ఇంతలో లెక్క మారిపోతుంది. 42 లక్షల అసలు మీద 11 శాతం అనుకుంటే నెలకు 38,500 రూపాయల వడ్డీ. సర్టిఫికెట్‌లో ఉన్నది అది ఇచ్చిన నాటి మొత్తం. ఏడాది తర్వాత ఫైలు తెరిచి "ఇవాళ్టికి ఎంతో లెక్క రాయించుకు రండి" అని రెరాకు తిరగ్గొడతారు. ఆ ఏడాదిలో బిల్డరు ఊరుకుంటాడా? మిగిలిన ఫ్లాట్లు ఒక్కొక్కటే అమ్మేస్తాడు, బావమరిది పేర గిఫ్టు డీడు రాస్తాడు. చాలామంది ప్రాజెక్టుకో ఎల్‌ఎల్‌పీ (భాగస్వాముల బాధ్యత పరిమితంగా ఉండే సంస్థ) పెడతారు కనుక ఆ ఫ్లాట్లు పోయాక దాని పేరున బోర్డు తప్ప ఏమీ మిగలదు. భాగస్వాముల సొంత ఇళ్ల జోలికి మామూలుగా పోలేం. దివాలా పిటిషన్ ఎన్‌సీఎల్‌టీలో (కంపెనీ లా ట్రిబ్యునల్‌లో) అడ్మిట్ అయితే మారటోరియం, అంటే వసూళ్ల మీద నిలుపుదల వచ్చి వసూలు అక్కడికక్కడే నిలిచిపోతుంది.

రెరా ఆర్డరు మీద అప్పీలుకు పోవాలంటే రెరా చట్టం సెక్షన్ 43(5) ప్రకారం బిల్డరు ముందు వడ్డీతో సహా మొత్తం జమ చేయాలి. పోకుండా కూర్చుంటే ఒక్క పైసా కట్టనక్కర్లేదు. తెలివైనవాడు ఏది ఎంచుకుంటాడు? ఆర్డరు ధిక్కరించినందుకు సెక్షన్ 63 కింద రోజువారీ జరిమానా ఉందంటారు. దాన్ని వసూలు చేయాల్సింది కూడా అదే 40(1) కింద, అదే తహసీల్దారు! ఆస్తిపన్ను బాకీపడ్డ చిన్న దుకాణానికి రెడ్ నోటీసు అంటించడానికి మాత్రం మన నగరంలో సిబ్బంది కొరత ఎప్పుడూ కనబడదు.

సర్టిఫికెట్ అందిన రోజే ఆ ప్రాజెక్టులో అమ్ముడుపోని ఫ్లాట్లను రిజిస్ట్రేషన్లు జరగకుండా ఆపే 22ఏ నిషేధిత జాబితాలో పెట్టించండి. మిగతావన్నీ తర్వాత చూద్దాం, ముందు ఆ అమ్మకాలు ఆపండి. మహారాష్ట్రలో ఈ వసూళ్ల కోసమే రిటైరైన రెవెన్యూ అధికారులను పెట్టుకున్నారు. మన దగ్గర కనీసం జిల్లాకొక్కరిని పెట్టండి. ఎన్ని సర్టిఫికెట్లు వచ్చాయి, ఎంత వసూలైంది, ఏ మండలంలో ఎన్నాళ్లుగా ఉన్నాయి, నెలనెలా బయటపెట్టండి. ఆస్తులు వెతకమని మమ్మల్ని తిప్పొద్దు. దయచేసి తిప్పొద్దు.

ఈ లేఖ అందినట్టు రసీదు పంపనక్కర్లేదు. అవి మా దగ్గర చాలానే ఉన్నాయి.

ఇట్లు,
రెరా ఆర్డర్లు పట్టుకుని మీ ఆఫీసుల చుట్టూ తిరుగుతున్న ఫ్లాటు కొనుగోలుదారులు